కాలమ్ తీసే తరుగు

నేను మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేస్తాను. మందుని ద్రావకంతో కలిపి సన్నటి గొట్టంలోంచి నెట్టి, అందులోని పదార్థాలని విడదీసి చూస్తాం. సన్నటి రేణువులు నింపిన ఆ గొట్టమే కాలమ్. గత నెల పర్చేజ్ వాళ్ళు రెండు కాలమ్‌ల కొటేషన్లు పక్కపక్కన పెట్టి నాకో ప్రశ్న పంపారు. "మేడమ్, రెండూ సి18లే. రెండూ 2.1 మిల్లీమీటర్ల లావు, 150 మిల్లీమీటర్ల పొడవు. రేణువు సైజు కూడా ఒకటే, 1.7 మైక్రాన్లు. తయారు చేసే కంపెనీ కూడా ఒకటే. మరి రెండోదానికి అంత ఎక్కువ ధర దేనికి?"

మంచి ప్రశ్న. లోపల నింపిన పదార్థం (పద్దెనిమిది కార్బన్ల గొలుసులు తగిలించిన సిలికా, అదే సి18) అచ్చంగా ఒకటే. తేడా అంతా గొట్టంలో ఉంది. మొదటిది మామూలు స్టీలు గొట్టం. రెండోదానికి లోపలి గోడకీ, రెండు చివర్లా ఉండే ఫ్రిట్లనే జల్లెడలకీ పూత వేసి ఉంటుంది. జస్టిఫికేషన్ గడిలో రెండు లైన్లు రాసి పంపేశాను. "యాసిడిక్ పెప్టైడ్ల అడ్సార్ప్షన్ తగ్గించడానికి" అని. ఆ రెండు లైన్లతో వాళ్ళకి ఏమీ అర్థమై ఉండదు. ఆలోచిస్తే నాకు నేను కూడా ఈ సంగతి ఎప్పుడూ పూర్తిగా చెప్పుకోలేదనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ప్రోటీన్, పెప్టైడ్ (అమైనో ఆమ్లాల చిన్న గొలుసు) మందుల పని మీద ఉన్నప్పుడు ఏ కాలమ్‌నైనా మొదట అడగాల్సింది, వేసినదాంట్లో ఎంత తిరిగి ఇచ్చావు అని. పీకుల్ని, అంటే ఒక్కో పదార్థానికి స్క్రీన్ మీద లేచే గుట్టల్ని, ఎంత బాగా విడదీశావు అన్నది రెండో ప్రశ్న. మన ల్యాబుల్లో ఈ రెండూ తారుమారయ్యాయి. రిజల్యూషన్ లెక్క ప్రతి రిపోర్టులో ఉంటుంది. కాలమ్ ఎంత మింగిందన్న లెక్క ఏ రిపోర్టులోనూ ఉండదు.

మొదటి దోసె

ఉద్యోగంలో చేరిన కొత్తలో, వేరే కంపెనీలో ఉన్నప్పటి మాట ఇది. ముప్పై చిల్లర అమైనో ఆమ్లాలున్న ఒక పెప్టైడ్ మీద పని చేస్తున్నాం. పాత మెథడ్ ఫాస్ఫేట్ బఫర్‌తో నడిచేది. అణువుల బరువు కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్‌కి ఫాస్ఫేట్ పనికిరాదు కాబట్టి ఫార్మిక్ యాసిడ్‌కి మార్చాం. కొత్త కాలమ్ డబ్బా తెరిచి, మూతలు తీసి, అరగంట కడిగి, మొదటి ఇంజెక్షన్ వేశాను.

మెయిన్ పీక్ వచ్చింది. దాని వెనకాలే రావాల్సిన డీఅమిడేషన్ ఇంప్యూరిటీ, అంటే అమైడ్ గుంపు కార్బాక్సిల్ గుంపుగా మారిపోయిన రకం, రాలేదు. ఆ చోట బేస్‌లైన్ చదునుగా ఉంది. రెండో ఇంజెక్షన్‌లో అక్కడ చిన్న ఉబ్బు కనపడింది. నాలుగో ఇంజెక్షన్‌లో పీక్ అనదగ్గ రూపం వచ్చింది, వెనక తోక మాత్రం బారెడు. ఏడోదానికి పుస్తకంలో బొమ్మలా నిలబడింది. ఏడు ఇంజెక్షన్లూ ఒకే వయల్‌లోంచి తీసుకున్నవే.

మా సీనియర్ స్క్రీన్ చూసి, "కంగారు పడకు, కాలమ్ సెటిల్ అవుతోంది. కొత్త పెనం మీద మొదటి దోసె వస్తుందా?" అన్నారు. మొదటి ఆరు ఇంజెక్షన్లు కండిషనింగ్ అని మెథడ్‌లో రాసుకున్నాం. టెన్షన్ తీరిపోయింది. తర్వాత చాలా ఏళ్ళు నేను కూడా జూనియర్లకి అదే దోసె సంగతి చెప్తూ వచ్చాను.

రెండేళ్ళ కిందట ఒక అమ్మాయి నా మాట విని ఊరుకోలేదు. "మేడమ్, మొదటి ఆరింటిలో రాని ఇంప్యూరిటీ ఎక్కడికి పోయింది?" అంది. స్టీలు మీద యాక్టివ్ సైట్లు ఉంటాయి, అవి నిండేదాకా పట్టుకుంటాయి అని చెప్పాను. "నిండాయని మనకెలా తెలుసు? ఏడో ఇంజెక్షన్‌కి మొత్తం నిండాయా, సగం నిండి అక్కడ ఆగాయా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. వరుసగా రెండు ఇంజెక్షన్లు ఒకేలా వస్తే నిండినట్టే అని ఇన్నేళ్ళూ అనుకున్నాం. ఒకేలా రావడం వేరు, పూర్తిగా రావడం వేరు. ప్రతిసారీ పదింట రెండు వంతులు పోతున్నా ఇంజెక్షన్లు ఒకేలా వస్తాయి. అంటుకున్న దోసె కళ్ళకి కనపడుతుంది, గరిటెతో గీకి పారేస్తాం. కాలమ్‌కి అంటుకున్నది క్రొమటోగ్రామ్‌లో కనపడదు. అక్కడ చదునైన బేస్‌లైన్ ఉంటుంది. చదునైన బేస్‌లైన్‌ని మనం శుభ్రతకి గుర్తుగా చదువుతాం.

పది చదరపు సెంటీమీటర్లు

ఆ సాయంత్రం కంపెనీ బస్సులో కూర్చుని ఫోన్‌లో ఒక లెక్క వేశాను. 2.1 మిల్లీమీటర్ల లావు, 150 మిల్లీమీటర్ల పొడవున్న గొట్టం లోపలి గోడ వైశాల్యం ఎంత? దాదాపు పది చదరపు సెంటీమీటర్లు. లోపల నింపిన సిలికా ఉపరితలంతో పోలిస్తే ఇది లెక్కలోకే రాదు. 100 ఆంగ్‌స్ట్రామ్ రంధ్రాలుండే సిలికా గ్రాముకి 300 చదరపు మీటర్ల దాకా ఉపరితలం ఇస్తుంది. అలాంటప్పుడు గోడ సంగతి ఎవరు పట్టించుకుంటారు? నేనూ పట్టించుకోలేదు.

కానీ పోల్చాల్సింది సిలికాతో కాదు, మనం వేసే మోతాదుతో. పెప్టైడ్ చదరపు మీటరుకి ఒక మిల్లీగ్రాము చొప్పున స్టీలు మీద పరుచుకుంటుందని అనుకుందాం. పది చదరపు సెంటీమీటర్ల గోడకి ఒక మైక్రోగ్రాము పడుతుంది. మనం కాలమ్‌లోకి వేసే పెప్టైడ్ ఇరవై మైక్రోగ్రాములు అనుకుంటే, అందులో 0.1 శాతం ఇంప్యూరిటీ అంటే ఇరవై నానోగ్రాములు. గోడ పట్టుకోగలిగినదానికి అది యాభయ్యో వంతు. మొత్తం ఇంప్యూరిటీని మింగేసినా గోడకి ఇంకా ఆకలి తీరదు.

ఇందులో నేను ఫ్రిట్లని లెక్కలోకి తీసుకోలేదు. ఫ్రిట్ అంటే స్టీలు పొడిని కాల్చి అతికించిన జల్లెడ. రేణువులు జారిపోకుండా ఆపడానికి రెండు చివర్లా పెడతారు. చూడడానికి చిన్న బిళ్ళే గానీ, లోపలంతా సందులు కాబట్టి దాని ఉపరితలం నున్నటి గోడకంటే చాలా ఎక్కువ. మన పెప్టైడ్ అందులోంచి రెండుసార్లు దూరి రావాలి.

అతుక్కునేది అన్ని అణువులూ సమానంగా కాదు. స్టీలు మీద ఉండే లోహపు ఆక్సైడు పొర ఫాస్ఫేట్లనీ, కార్బాక్సిల్ గుంపులనీ లాగుతుంది. ఆస్పార్టిక్, గ్లుటామిక్ ఆమ్లాలు ఎక్కువ ఉన్న పెప్టైడ్ ముందు చిక్కుతుంది. షుగర్‌కీ, బరువు తగ్గడానికీ వాడే సెమాగ్లూటైడ్‌నే తీసుకోండి. గొలుసులో మూడు గ్లుటామిక్, ఒక ఆస్పార్టిక్, పక్కన తగిలించిన కొవ్వు ఆమ్లం చివర ఒకటి, ఆ కొవ్వుని కలిపే గ్లుటామిక్ మీద ఒకటి, గొలుసు చివర ఒకటి. ఏడు కార్బాక్సిల్ గుంపులు. డీఅమిడేషన్ జరిగిన ఏ పెప్టైడ్‌కైనా అసలుదాని కంటే ఒక కార్బాక్సిల్ గుంపు ఎక్కువ. అంటే మనం వెతికే ఇంప్యూరిటీయే మందు కంటే ఎక్కువగా అతుక్కునే రకం.

మన ఊరి మందుల కంపెనీల్లో ఈ మాట ఎందుకు ముఖ్యమో ఇక్కడ పనిచేసేవాళ్ళకి చెప్పక్కర్లేదు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2021 మేలో ఇచ్చిన గైడెన్స్ ప్రకారం లిరాగ్లూటైడ్, టెరిపారటైడ్, గ్లూకగాన్ లాంటి ఐదు పెప్టైడ్లని రసాయనికంగా తయారు చేసి జెనరిక్‌గా అప్లై చేసుకోవచ్చు. షరతు ఏమిటంటే, ఒరిజినల్‌లో లేని కొత్త పెప్టైడ్ ఇంప్యూరిటీ ఏదీ 0.5 శాతం దాటకూడదు. 0.1 శాతం దాటినదాన్నల్లా గుర్తించి, అది ఎందుకు పర్వాలేదో వివరించాలి. 2026 మార్చితో మన దేశంలో సెమాగ్లూటైడ్ పేటెంట్ గడువు కూడా తీరింది. ల్యాబుల్లో రాత్రింబవళ్ళు ఈ 0.1 శాతం పీకుల చుట్టూనే తిరుగుతున్నాం. సరిగ్గా ఆ సైజు పీకునే కాలమ్ మాట్లాడకుండా మింగగలదు.

నూటికి నూరు వచ్చిందన్న రికవరీ

ఇక్కడ ఎవరైనా ఒక మాట అడ్డం వేస్తారు, వేయాలి కూడా. "రికవరీ మనం చూస్తూనే ఉన్నాం కదా? వ్యాలిడేషన్‌లో యాక్యురసీ చెయ్యకుండా ఏ మెథడ్ ఫైల్ అవుతుంది?"

నిజమే, చేస్తాం. తెలిసినంత ఇంప్యూరిటీ కలిపి, ఎంత దొరికిందో లెక్కకడతాం. 98, 101, 99 అని వస్తుంది. సంతోషిస్తాం. కానీ ఆ "ఎంత దొరికింది" అన్నది దేనితో పోల్చి తేల్చాం? అదే కాలమ్ మీద, అదే రోజు నడిపిన స్టాండర్డ్‌తో, అంటే గాఢత ముందే తెలిసిన ద్రావణంతో. కాలమ్ స్టాండర్డ్‌లో ఇరవై శాతం మింగి, శాంపిల్‌లోనూ ఇరవై శాతం మింగితే భాగించినప్పుడు రెండూ కొట్టుకుపోతాయి. కాగితం మీద నూటికి నూరు మిగులుతుంది. మెథడ్ వ్యాలిడేషన్ ఎలా చెయ్యాలో చెప్పే ఐసీహెచ్ క్యూ2 గైడ్‌లైన్‌ని 2023 నవంబర్‌లో కొత్తగా రాశారు, మంచి మార్పులే వచ్చాయి. అయినా స్టాండర్డ్‌తో పోల్చి వచ్చే ఈ రికవరీ, కాలమ్‌లోంచి నిజంగా ఎంత బయటపడిందన్నది చెప్పదు.

"రెండింట్లో సమానంగా పోయినప్పుడు నష్టమేంటి?" అని కూడా అడగొచ్చు. ఈ ప్రశ్న నన్ను కొన్నాళ్ళు ఆపింది. రెండింట్లో సమానంగా, ప్రతిరోజూ సమానంగా, ఎక్కువ మోతాదులోనూ తక్కువ మోతాదులోనూ అదే వంతు పోతే నిజంగానే నష్టం లేదు. అలా పోదన్నదే నా బాధ.

దీన్ని మా నాన్న వడ్ల లెక్కతో చెప్తాను. కల్లం దగ్గర బస్తాకి ఇన్ని కిలోలు తరుగు అని కోస్తారు. అన్యాయమే, కానీ అది వంతు ప్రకారం పోయేది. ఇంకో రకం నష్టం ఉంది. కాంటా దగ్గర గింజలు కింద రాలతాయి. ఎవరి వడ్లు తూచినా అక్కడ రాలేది ఇంచుమించు ఒకటే కుప్ప. రెండొందల బస్తాలు తెచ్చినవాడికి ఆ కుప్ప తెలియదు. నాలుగు బస్తాలు తెచ్చినవాడికి తెలుస్తుంది. స్టీలు తీసే తరుగు ఈ రెండో రకం. పట్టుకునే చోట్లు ఇన్నే అని ఉంటాయి. పెద్ద మెయిన్ పీక్‌లోంచి ఇరవై నానోగ్రాములు పోతే ఏరియా రిపోర్టులో తేడా కూడా రాదు. చిన్న పీక్‌లోంచి అంతే పోతే ఆ పీకే ఉండదు. గాఢతకీ పీక్ సైజుకీ మధ్య గీసే లీనియారిటీ గీత తక్కువ గాఢతల్లో కిందికి వంగి, ఇంటర్‌సెప్ట్ నెగటివ్‌గా వచ్చినప్పుడు మనం ఇంటిగ్రేషన్‌ని (పీక్ ఏరియా లెక్కగట్టిన తీరుని) తిట్టుకుంటాం. కాలమ్ మీద అనుమానం పడం.

మా నాన్న చేసే పని ఇంకోటి ఉంది. కొనుగోలు కేంద్రానికి బయల్దేరే ముందు ఇంటి దగ్గరే తూకం వేసుకుంటాడు. అక్కడ ఎంత కోసినా, ఎంత రాలినా తన లెక్క తన దగ్గర ఉంటుంది. ఎవరితోనూ గొడవపడకపోయినా, ఎంత పోయిందో మాత్రం ఆయనకి తెలుసు.

ల్యాబ్‌లో ఇంటి తూకం వేసుకోవడం కూడా కష్టమేమీ కాదు. కాలమ్ తీసేసి, ఆ చోట ఖాళీ యూనియన్ (రెండు గొట్టాలని కలిపే ముక్క) బిగించి, వెనక కొంచెం ఒత్తిడి నిలిచేలా సన్నటి గొట్టం పెట్టి, అదే మోతాదు, డిటెక్టర్ తట్టుకునేంత పలచగా వేస్తే వచ్చే ఏరియా ఒకటి. కాలమ్ పెట్టి అదే ఫ్లోలో వేస్తే వచ్చే మొత్తం ఏరియా ఇంకొకటి. రెండో అంకెని మొదటిదానితో భాగిస్తే కాలమ్ ఎంత తిరిగిచ్చిందో తెలుస్తుంది. ఇందులో లోపాలున్నాయి. గ్రేడియంట్‌లో, అంటే రన్ నడుస్తుండగా ఎసిటోనైట్రైల్ అనే ద్రావకాన్ని పెంచుకుంటూ పోయేటప్పుడు, దాని శాతాన్ని బట్టి యూవీ స్పందన కొద్దిగా మారుతుంది. ఇంజెక్టర్ సూదిలో, గొట్టాల్లో పోయేది రెండు రన్లలోనూ పోతుంది కాబట్టి దీనికి దొరకదు. అయినా సగం పోయిందా, రెండు శాతం పోయిందా అన్నది తేల్చడానికి చాలు. ఆ అమ్మాయి, నేను కలిసి ఒక శనివారం ఇది మొదటిసారి చేశాం. మధ్యాహ్నం భోజనానికి కూడా పోలేదు. ఎన్నో ఏళ్ళుగా "బాగా సెటిల్ అయింది" అని మేం మెచ్చుకుంటున్న పాత కాలమ్ మీద కూడా తక్కువ మోతాదులో తరుగు కనపడుతూనే ఉంది.

రేణువు మీద పెట్టిన శ్రద్ధ

ఈ రంగంలో రేణువుల మీద జరిగిన పనికి నేను చేతులెత్తి దండం పెడతాను. 2004లో వాటర్స్ కంపెనీ వాళ్ళు 1.7 మైక్రాన్ల హైబ్రిడ్ రేణువు తెచ్చారు. సిలికాలోనే కార్బన్ వంతెనలు కలిపి కట్టడంతో మామూలు సిలికా తట్టుకోలేని క్షారాన్ని కూడా అది తట్టుకుంది. 2006లో జాక్ కర్క్‌లాండ్, ఆయన తోటివాళ్ళు 2.7 మైక్రాన్ల గట్టి గింజ రేణువు తెచ్చారు. లోపల 1.7 మైక్రాన్ల గట్టి సిలికా గోళం, దాని మీద అర మైక్రాన్ మందం రంధ్రాల పొర. పెద్ద అణువు లోతుకి పోయి తిరిగి రావాల్సిన పని లేదు, పై పొరలో తిరిగి వచ్చేస్తుంది. ప్రోటీన్ల కోసం ఆ పొరలోని రంధ్రాలని 300, 400, చివరికి 1000 ఆంగ్‌స్ట్రామ్‌ల దాకా పెంచారు. మందుగా వాడే మోనోక్లోనల్ యాంటీబాడీ అనే పెద్ద ప్రోటీన్ అడ్డంగా పది నానోమీటర్ల పైచిలుకు ఉంటుంది. 100 ఆంగ్‌స్ట్రామ్ రంధ్రమంటే పది నానోమీటర్లే. ఆ ద్వారంలోంచి అది ఎలా దూరుతుంది?

ఇన్ని చేసినా గొట్టం మాత్రం స్టీలుదే ఉండిపోయింది. విచిత్రమేమిటంటే జీవరసాయనం వాళ్ళకి ఈ సంగతి ముందే తెలుసు. 1982లో స్వీడన్‌లోని ఉప్సాలాలో ఫార్మాసియా వాళ్ళు ప్రోటీన్లని విడదీసే ఎఫ్‌పీఎల్‌సీ పద్ధతి తెచ్చినప్పుడు కాలమ్‌లు గాజువి పెట్టారు. ప్రోటీన్‌ని లోహానికి దూరంగా ఉంచాలన్న జాగ్రత్త అందులోనే ఉంది. తర్వాత చిన్న రేణువులొచ్చాయి, ఒత్తిళ్ళు పెరిగాయి, గాజు ఆ ఒత్తిడికి ఆగదు. మళ్ళీ స్టీలుకే వచ్చాం. పీఈఈకే అనే ప్లాస్టిక్ లోపల వేసిన గొట్టాలు, టైటానియం, బయోఇనర్ట్ పేరుతో వచ్చిన సిస్టమ్‌లు మధ్యలో ఉన్నాయి. అల్ట్రా హై ప్రెషర్ కాలమ్‌ల లోపలి గోడకే హైబ్రిడ్ పూత వేసి పెద్ద ఎత్తున అమ్మడం 2020లో వాటర్స్ వాళ్ళతో ఊపందుకుంది. ఆ తర్వాత మిగతా కంపెనీలూ తమ తమ దారుల్లో వచ్చాయి. ఇప్పుడు నా ప్రశ్న గొట్టం గురించి మాత్రమే కాదని చెప్పాలి. తరుగు తీసే చోట్లు చాలా ఉన్నాయి, స్టీలు వాటిలో ఒకటి.

వేడి పెంచితే వచ్చేది

యాంటీబాడీ దగ్గర స్టీలు కంటే నింపిన పదార్థమే పెద్ద దొంగ. సి4 (నాలుగు కార్బన్ల గొలుసుల) కాలమ్ మీద 40 డిగ్రీల దగ్గర నడిపితే కొన్ని యాంటీబాడీలు పూర్తిగా బయటికి రావు. తర్వాత శాంపిల్ వేయకుండా ఖాళీ గ్రేడియంట్ నడిపి చూడండి, అదే చోట దెయ్యంలా చిన్న పీక్ వస్తుంది. ఇంకోసారి నడిపితే ఇంకా చిన్నది. మొన్న వేసింది ఇవాళ వస్తోందన్నమాట. వేడిని 80 డిగ్రీలకి పెంచితే చాలా వరకు దారికొస్తుంది. జెనీవా విశ్వవిద్యాలయంలో దవీ గియార్మ్, సాబోల్చ్ ఫెకెటె ఈ వేడికీ రికవరీకీ ఉన్న సంబంధం మీద ఏళ్ళ తరబడి చేసిన పని చదివాకే నాకిది ఒంటబట్టింది.

ఇక్కడ నా వాదన మీద నాకే అనుమానం వచ్చే చోటు ఒకటుంది. రికవరీ కోసం 80 డిగ్రీల దగ్గర, ఆమ్లంలో ఉంచితే ప్రోటీన్ విరిగే ప్రమాదముంది. ఆస్పార్టిక్ ఆమ్లం పక్కన ప్రోలీన్ ఉన్న చోట ఆ బంధం వేడికీ ఆమ్లానికీ తెగుతుంది. అప్పుడు కనపడే ముక్క మందులో ఉన్నదా, మనం కాలమ్‌లో చేసిందా? తరుగు తగ్గించబోయి లేనిది పుట్టించామా? ఈ ప్రశ్నకి అందరికీ పనికొచ్చే జవాబు నా దగ్గర లేదు. కాలమ్‌లో గడిపే సమయం తగ్గించడం ఒక దారి.

సమయం తగ్గించడానికి మంచి ఆధారమే ఉంది. క్రొమటోగ్రఫీ శాస్త్రవేత్త లాయిడ్ స్నైడర్ చెప్పిన లెక్క ప్రకారం, ఎసిటోనైట్రైల్ శాతం మారితే అణువు పట్టు ఎంత మారుతుందన్నది దాదాపు అణుభారం వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. 300 డాల్టన్ల మామూలు మాత్ర మందుకి ఒక శాతం ఎసిటోనైట్రైల్ పెరిగితే పట్టు పది శాతం మేర తగ్గుతుంది. నాలుగు వేల డాల్టన్ల పెప్టైడ్‌కి ముప్పై శాతం దాకా తగ్గుతుంది. లక్షా యాభై వేల డాల్టన్ల యాంటీబాడీకి అదే ఒక్క శాతంతో పట్టు తొమ్మిదో వంతుకి పడిపోతుంది. అంటే యాంటీబాడీ కాలమ్ మొదట్లో కదలకుండా కూర్చుని, తనకి కావలసిన శాతం రాగానే లేచి ఎక్కడా ఆగకుండా బయటికి పోతుంది. మిగతా పొడవంతా దానికి ఖాళీ రోడ్డు. మరి ఆ ఖాళీ రోడ్డు మనకెందుకు? పొడుగు కాలమ్ ఇచ్చే అదనపు రిజల్యూషన్ తక్కువ. అది తీసే తరుగూ, వేడిలో ఉంచే సమయమూ ఎక్కువ. ఈ మధ్య ఆ జెనీవా బృందం వాళ్ళే కొద్ది సెంటీమీటర్ల పొట్టి కాలమ్‌ల మీద పెద్ద ప్రోటీన్లని నడిపి చూపించారు. అయినా మన ల్యాబుల్లో "రిజల్యూషన్ చాలట్లేదు" అనగానే చెయ్యి పోయేది పొడుగు కాలమ్ డబ్బా మీదికే. మాత్రల మందుల దగ్గర నేర్చుకున్న అలవాటది.

అగ్రిగేట్ల సంగతి

అణువుల్ని సైజుని బట్టి విడదీసే సైజ్ ఎక్స్‌క్లూజన్ దగ్గర ఈ తరుగు ఇంకా భయపెడుతుంది. అక్కడ మనం కొలిచేది ప్రోటీన్ గుంపుకట్టిందా లేదా అన్నది. గుంపుకట్టిన ప్రోటీన్ ఒంట్లోకి పోతే, శరీరం మందుకే వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారు చేసుకునే ప్రమాదం ఉంది. అందుకే ఈ గుంపు, అంటే అగ్రిగేట్, ఎంతన్న అంకె మీద రోగి క్షేమం ఆధారపడి ఉంటుంది. విడిగా ఉన్న ప్రోటీన్ కంటే గుంపుకట్టిందే కాలమ్‌కి ఎక్కువ అతుక్కునే అవకాశముంది. అంటే తరుగు పోయేది సరిగ్గా మనం వెతికే చెడ్డదానిలోంచే.

బఫర్‌లో ఉప్పు తక్కువైతే చార్జీల వల్ల అతుక్కుంటుంది. ఉప్పు ఎక్కువైతే నీటిని వెలివేసే భాగాల వల్ల అతుక్కుంటుంది. మధ్యలో ఎక్కడో సన్నటి దారి ఉంటుంది. బఫర్‌లో అర్జినిన్ అనే అమైనో ఆమ్లం కలిపితే అతుక్కోవడం తగ్గుతుందని తెలిసిన విషయమే. కలపకుండా 0.4 శాతం, కలిపాక 0.9 శాతం వచ్చిందనుకోండి. మీటింగ్‌లో ఏం జరుగుతుంది? "అర్జినిన్ వల్ల అగ్రిగేట్ పెరిగింది, పాత బఫరే ఉంచండి" అని ఎవరో ఒకరు అంటారు. నేను ఈ మాట చెవులారా విన్నాను. మొత్తం ఏరియా పెరిగిందా తగ్గిందా అని అక్కడున్నవాళ్ళలో ఎవరూ అడగలేదు. మొత్తం ఏరియా పెరిగి ఉంటే, ఆ 0.9 ముందు నుంచీ ఉన్నదే. మనం చూడలేదంతే.

ఎదురు మాటలు

మా డిపార్ట్‌మెంట్‌లోనే నా మాటకి ఎదురు చెప్పేవాళ్ళున్నారు. వాళ్ళది కొట్టిపారేసే వాదన కాదు. "టీఎఫ్ఏ వాడినన్నాళ్ళూ ఈ గోల లేదు కదా" అంటారు. నిజం. టీఎఫ్ఏ (ట్రైఫ్లోరోఎసిటిక్ యాసిడ్)తో పీహెచ్ రెండు దగ్గరికి దిగుతుంది, కార్బాక్సిల్ గుంపుల చార్జీ చాలా వరకు పోతుంది, స్టీలు పట్టు సడలుతుంది. ఫాస్ఫేట్ బఫర్ అయితే తనే వెళ్ళి స్టీలు మీద కూర్చుని మన పెప్టైడ్‌కి చోటు లేకుండా చేస్తుంది. రోజువారీ క్యూసీ రిలీజ్‌కి యూవీ, టీఎఫ్ఏ, మామూలు స్టీలు కాలమ్ చాలా పెప్టైడ్లకి సరిపోతాయి. ప్రతి కాలమ్ పూత వేసిందే కొనాలని నేను అనను. పర్చేజ్ వాళ్ళ దగ్గరికి అలా వెళ్తే తప్పు నాదే అవుతుంది. కానీ ఆ పీక్ ఏమిటో మాస్‌లో గుర్తించాలంటే టీఎఫ్ఏ సిగ్నల్‌ని నొక్కేస్తుంది. ఫార్మిక్ యాసిడ్‌కి మారగానే ఇన్నాళ్ళూ ఫాస్ఫేట్ కప్పిపెట్టిన తరుగు బయటపడుతుంది. గుర్తించడానికి వెళ్ళిన చోటే పీక్ మాయమవుతుంది. నా మొదటి ఉద్యోగంలో జరిగింది అచ్చం ఇదే.

ఇంకో ఎదురు మాట రెగ్యులేటరీ వాళ్ళది. "కండిషనింగ్ మెథడ్‌లో రాసే ఉంది, ఇంకేం కావాలి?" అని. దీని దగ్గర నాకు నిజంగా ఆందోళన. శాంపిల్‌నే ముందుగా వేసి చూసుకునే ట్రయల్ ఇంజెక్షన్ల మీద ఎఫ్‌డీఏ ఎంత గట్టిగా ఉందో మన ఊళ్ళో ప్రతి ల్యాబ్‌కీ తెలుసు. 2018 డిసెంబర్ డేటా ఇంటెగ్రిటీ గైడెన్స్‌లో కూడా అనుకున్న ఫలితం వచ్చేదాకా పరీక్షించడం కుదరదని స్పష్టంగా ఉంది. మనం శాంపిల్ బదులు స్టాండర్డ్‌తోనో, ఆవు సీరం ఆల్బుమిన్‌తోనో కండిషనింగ్ చేసి నిబంధన పాటించాం. మంచిదే. కానీ ఆరు ఇంజెక్షన్లు ఎందుకు, నాలుగు ఎందుకు కాదు, పది ఎందుకు కాదు అని ఇన్‌స్పెక్టర్ అడిగితే "పీక్ బాగా వచ్చేదాకా" అన్నది తప్ప చాలామంది దగ్గర వేరే కారణం లేదు. ఆ మాట వినడానికి ఎలా ఉంటుందో ఒకసారి గట్టిగా చదివి చూడండి. ఇంటి తూకం ఉంటే, "ఆరో ఇంజెక్షన్‌కి తిరిగొచ్చే మొత్తం స్థిరపడింది, ఇదిగో అంకె" అని చూపించొచ్చు.

అమెరికా ఫార్మకోపియా (మందుల ప్రమాణాల పుస్తకం) కూడా ఇక్కడ సాయం చేయదు. కాలమ్‌ని ఎల్1, ఎల్26 అని వర్గాలుగా పెడుతుంది. ఎల్1 అంటే సి18, ఎల్26 అంటే సి4. 2022 డిసెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన 621 అధ్యాయంలో పొడవు, రేణువు సైజు ఎంతవరకు మార్చుకోవచ్చో లెక్కలున్నాయి. గొట్టం గోడ దేనితో చేశారన్న గడి ఆ వర్గాల్లో లేదు. దాంతో స్టీలు కాలమూ, పూత వేసిన కాలమూ కాగితం మీద ఒకటే అవుతాయి. పర్చేజ్ వాళ్ళు నన్ను అడిగిన ప్రశ్న అక్కడి నుంచే పుట్టింది. వాళ్ళు చూసిన కాగితం మీద తేడా నిజంగానే లేదు.

ఖర్చు మాట కూడా అనాలి. చిన్న కంపెనీలో, ఒక కాలమ్ నెలలు నడవాల్సిన చోట, ఈ వ్యాసం చదివి "మేడమ్‌కేం, కొనేస్తారు" అనుకునేవాళ్ళుంటారు. వాళ్ళని నేను కొనమనడం లేదు. తూకం వేసుకోమంటున్నాను. యూనియన్ ముక్క ప్రతి ల్యాబ్‌లో డ్రాయర్‌లో పడి ఉంటుంది. సగం పూట పని. తరుగు రెండు శాతమని తేలితే స్టీలు కాలమే హాయిగా వాడుకోవచ్చు, పైగా దానికి రుజువు చేతిలో ఉంటుంది. ముప్పై శాతమని తేలితే, అప్పుడు ఆ ధరల తేడా గురించి మాట్లాడటం వేరేగా ఉంటుంది.

పర్చేజ్ ఫైల్ మూడు రోజుల్లో ప్రశ్నతోనే మళ్ళీ వెనక్కి వచ్చింది. ఈసారి రెండు లైన్లు రాయలేదు. రెండు కాలమ్‌ల మీదా తక్కువ మోతాదులో వచ్చిన మొత్తం ఏరియా, పక్కన యూనియన్‌తో వచ్చిన ఏరియా, మూడు అంకెలు పట్టికగా పెట్టి పంపాను. కింద ఆ అమ్మాయి సంతకం, నా సంతకం. మా కాలమ్ లాగ్‌బుక్‌లో ఇప్పుడు ఒక గడి ఎక్కువ ఉంది. ప్లేట్ కౌంట్, టెయిలింగ్ అనే పాత గడుల పక్కన పెన్నుతో గీత గీసి ఆ అమ్మాయే రాసింది: "మొదటి ఇంజెక్షన్ మొత్తం ఏరియా". కొత్త కాలమ్ డబ్బా తెరిచిన ప్రతిసారీ ఆ గడి నిండాకే రెండో ఇంజెక్షన్ వేస్తున్నాం.